తొమ్మిదించుల గోడ

"కితీ ఖోల్యా?" అన్నడు దిగంబర్
కౌంటర్ మీద మూడు డబ్బాలు వరుసగ పెట్టి.
ఎన్ని అర్రలు?
నోట్లె లెక్క ఆగింది.
మావి రెండు, వంటది ఒకటి, వసారా సగం.
సగమంటే ఏందని అతను అడగలే.
ధర్మాబాద్‌ల సగం వసారాలు మస్తుగున్నయి.

పోశెట్టి కండ్లు నాలుగు కొమ్ములదాని మీదనే.
నల్లగ, తేలు తోక లేపినట్టు.
ఇరవై నాలుగు వందలు.
మిర్చి యార్డుల బస్తాలు తూకమేసే మనిషి,
దీన్ని గూడ అరచేతుల ఎత్తి చూసిండు.
"బరువే లేదు గదా" అన్నడు.

దిగంబర్ మరాఠీల మొదలువెట్టి తెలుగుల తేలిండు:
ఇండ్ల రెండు తీర్ల అలలుంటయక్కా.
ఐదుది గుర్రం. ఉరుకుతది, గోడ కనవడితే నిలవడతది.
రెండు పాయింటు నాలుగుది ఎద్దు.
నిమ్మలంగ నడుస్తది, గోడలకెల్లి పోతది.
నీళ్ల డ్రమ్ము, అద్దం, ఇనుప బీరువా అడ్డం పెట్టకు.
ఇంతకు మీ గోడలు ఎసొంటియి?

చెప్పాల్నా?
మూడు గోడలు మామ కట్టించినయి.
నాలుగోది బోరు మోటర్ కట్టించింది.
నీళ్ల వంతు కాడ మొదలైన మాట ఇల్లంత పారింది.
నడిమి గోడకు ఒక్క వరుస ఇటుక చాలన్నడు మేస్త్రీ,
నాలుగున్నర ఇంచులు.
మా బావ తొమ్మిదన్నడు. మా ఆయన సరే అన్నడు.
అన్నదమ్ములిద్దరు ఒప్పుకున్న ఆఖరి మాట అదే.

గట్టి గోడనే.
కానీ యార్డు దిక్కుకెల్లి గాలి మల్లితే
మిర్చి కోరు దాన్ని అడిగి రాదు.
ఇవుతల నేను తుమ్ముత,
అవుతల నర్సుబాయి తుమ్ముతది.
మూడేండ్ల సంది మా యారాండ్ల ముచ్చట్లు గవే.

వాళ్ల సుష్మ బారావీల ఉంది.
రాత్రిపూట రేకుల మీదికెక్కి
ఆకాశానికి దిష్టి తీసినట్టు ఫోన్ తిప్పుతది.
మొన్న జారింది. మోకాలు చీరుకుంది.
వాకిట్లకెల్లి చూసిన నేను.
చూడనట్టే బట్టలారేసిన.

"ఎద్దు మంచిగున్నది ఇయ్యి" అన్న.
రెండు కొమ్ములది, పదకొండు వందల యాభై.
పోశెట్టి మొకం చిన్నగైంది,
మిగిలిన పైసలు లెక్కవెట్టుకుని మల్ల మామూలైంది.

"యాడ పెట్టాలె?"
వైరు పట్టుకొచ్చిన పిలగాడు నాలుగు దిక్కుల చూసిండు.
బీరువా జరుపుమన్న.
అత్తమ్మ బీరువా. నలుగురు వట్టిన్రు.
దాని వెనుక సున్నం రంగు వేరే ఉంది,
నిలువుగ, మనిషెత్తు.
అత్తమ్మ బతికినన్ని దినాలు
అటూ ఇటూ తిరగనీకె ఇడిసిన దర్వాజ.
ఆమె పోయిన నెలకు పూడ్చిన్రు,
మిగిలిన ఇటుకలతోని, ఒక్క వరుస.
బీరువా అడ్డమొచ్చినంక మొగోళ్లకు యాదికి లేదు.

పేరేం పెడదమన్నడు పిలగాడు.
"అత్తమ్మ తిట్టు" అన్న.
నవ్విండు. నిజంగనే రాసిండు.
మరి పాస్‌వర్డు?
మా ఇద్దరు కోడండ్లను కలిపి ఆమె తిట్టే తిట్టొకటుండె,
కొడుకుల ముంగట ఎన్నడూ అనలే, పొయ్యి కాడనే.
నేనే నొక్కిన, పిలగాన్ని అటు దిక్కు చూడమని.
ఇంగ్లీషు అక్షరాలల్ల పదకొండు వచ్చినయి.
కాయితం మీద రాసుకోలే.

నాలుగు దినాలు ఏం లేదు.
గుడ్డి దీపమోలె పచ్చగ మిణుకుమిణుకుమంది డబ్బా.
ఐదో రాత్రి పోశెట్టి ఫోన్ల ఏదో చూస్తున్నడు.
"మనయి రెండే ఫోన్లు. ఇండ్ల మూడు చూపెడుతుంది.
ఎవడో దొంగ. తీసెయ్యాల్నా?"
వేలు దాని మీదనే ఉంది.

రేకుల మీద చప్పుడు లేదు ఇయ్యాల.

అన్నం సల్లారుతుంది, తిను, అన్న.